జాతీయ గుర్తింపు కార్డు తేవాలా? కార్డు చెల్లని మనిషి వైపు నుంచి ఒక జవాబు

విశాఖ ఎంవీపీ కాలనీలో గది తీసుకుని గ్రూప్-2కి చదువుకుంటున్న కుర్రాడు వేసిన ప్రశ్న ఇది. ప్రభుత్వం పౌరులందరికీ ఒకే జాతీయ గుర్తింపు కార్డు తెస్తే మంచిదా, కాదా? ఆధార్ ఉండగా ఇంకొకటి దేనికి? తప్పు చేయనివాడికి కార్డు చూపించడానికి భయమెందుకు? చివర్లో ఇంకో మాట కూడా రాశాడు. వాళ్ళ నాయనమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, బియ్యం కార్డులో ఇంకోలా, పొలం కాగితంలో మరోలా ఉందట. రేపు అలాంటి కార్డు వస్తే ఆవిడ సంగతేమిటని అడిగాడు.

బాబూ, నువ్వు నా మనవడి ఈడువాడివి కాబట్టి నువ్వనే రాస్తున్నాను. నేను రెవెన్యూలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. సర్వీసంతా ఉమ్మడి విశాఖ జిల్లాలోనే గడిచింది. కొంతకాలం నగరంలో, కొంతకాలం తీర మండలాల్లో, కొంతకాలం పాడేరు ఏజెన్సీలో చేశాను. రేషన్ కార్డులు, కుల ధ్రువపత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు, జనన నమోదు విచారణలు, ఇవే నా రోజువారీ పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరు పౌరులో ఎవరు కాదో తేల్చే జాతీయ కార్డు ఇప్పుడు తేకూడదు. మనిషిని గుర్తుపట్టి అతనికి రావలసింది అతనికి చేర్చే ఏర్పాటు మాత్రం కావాలి. అది మన దగ్గర ఉంది. కొత్తది కట్టే ఖర్చు, శ్రమ దాన్ని సరిచేయడం మీద పెట్టాలి. నీ నాలుగు ప్రశ్నల్లో నాయనమ్మ గురించి అడిగినదే అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏ కార్డునైనా అది జేబులో ఉన్నవాడిని అడిగి మంచిచెడ్డలు తేల్చడం కుదరదు. అది చెల్లని రోజున మనిషికి ఏమవుతుందో చూసి తేల్చాలి.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ఆధార్ పౌరసత్వ కార్డు కాదు. 2016 ఆధార్ చట్టం 9వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. ఆధార్ సంఖ్య పౌరసత్వానికీ, స్థిర నివాసానికీ రుజువు కాదు. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఈ దేశంలో ఉన్న ఎవరైనా తీసుకోవచ్చు. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకునే విదేశీ విద్యార్థి కూడా తీసుకోవచ్చు. అందుకే 2025లో బీహార్ ఓటర్ల జాబితా సవరణలో అంత గొడవ జరిగింది. ఎన్నికల సంఘం మొదట 11 రకాల పత్రాలు చెప్పింది, అందులో ఆధార్ లేదు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు దాన్ని పన్నెండో పత్రంగా తీసుకోమంది. అదైనా మనిషి ఎవరో తెలియడానికే తప్ప పౌరసత్వానికి కాదని స్పష్టంగా చెప్పింది. 130 కోట్ల పైచిలుకు మందికి ఇచ్చిన సంఖ్య ఉండగా కూడా “నువ్వు ఈ దేశపు మనిషివేనా” అన్న ప్రశ్నకు మన దగ్గర ఒక్క కాగితం లేదు. జాతీయ కార్డు కావాలనేవాళ్ళు అడిగేది ఆ కాగితమే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. కార్గిల్ యుద్ధం తర్వాత వేసిన సమీక్షా సంఘం, ఆ వెనక 2001లో మంత్రుల బృందం బహుళ ప్రయోజన జాతీయ గుర్తింపు కార్డు కావాలన్నాయి. 2003లో పౌరసత్వ చట్టానికి 14ఎ సెక్షన్ చేర్చారు. ప్రతి పౌరుణ్ణీ తప్పనిసరిగా నమోదు చేసి కార్డు ఇచ్చే అధికారం దానితో కేంద్రానికి వచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా కార్డులు కూడా ఇచ్చారు. కాబట్టి చట్టం ఇరవై ఏళ్ళ పైబడి పుస్తకంలోనే ఉంది. అమలు చేయాలా వద్దా అన్నదే ఇప్పుడున్న ప్రశ్న.

భద్రత మాట తీసుకుందాం. కార్డు కావాలనేవాళ్ళు మొదట చెప్పేది అదే. మన తీరంలో ఆ పాఠం బాగా తెలుసు. 2008 నవంబరు 26న ముంబై మీద దాడి చేసినవాళ్ళు కుబేర్ అనే చేపల బోటును పట్టుకుని సముద్రం మీదుగా వచ్చారు. ఆ తర్వాత జాతీయ జనాభా రిజిస్టరు పనిలో తీర గ్రామాలకే తొలి ప్రాధాన్యం ఇచ్చి, వేలిముద్రలు తీసుకుని, చిప్ ఉన్న నివాసి కార్డులు ఇచ్చారు. మత్స్యకారులకు విడిగా బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి. వేటకు వెళ్ళిన బోటును కోస్ట్ గార్డు ఆపితే చూపించేది అదే. దాని వల్ల మేలు లేదని నేను అనను. బోటు గల్లంతైతే అందులో ఎవరెవరు ఎక్కారో తెలియాలి. బీమా కోసం, పరిహారం కోసం ఆ మనిషి నిజంగా మత్స్యకారుడని రుజువు కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఇచ్చే భృతికీ అంతే. గుర్తింపు లేని మత్స్యకారుడు నష్టపోతాడు.

కానీ దాడులు ఆపడం వేరే సంగతి. ముంబైకి వచ్చినవాళ్ళ దగ్గర గుర్తింపు కార్డులున్నాయి, హైదరాబాద్‌లోని ఒక కాలేజీ పేరుతో చేసిన నకిలీవి. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలాయి. స్పెయిన్‌లో గుర్తింపు కార్డు తప్పనిసరి. కార్డు ఫలానా మనిషి వీడేనని చెబుతుంది, వీడి మనసులో ఏముందో చెప్పదు. నేరం జరిగాక మనిషిని వెతకడానికి పనికొస్తుందంటే ఒప్పుకుంటాను. నేరాన్ని ఆపుతుందన్నవాళ్ళు మాత్రం ఎక్కడ ఆపిందో చూపించాలి.

ఇక పౌరసత్వ కార్డు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఇక్కడ నిదానంగా చదువు, గ్రూప్-2 పరీక్షకీ పనికొస్తుంది. 1955 పౌరసత్వ చట్టం 3వ సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు దాకా ఈ దేశంలో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులు. ఆ రోజు నుంచి 2004 డిసెంబరు 3కి ముందు దాకా పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. ఆ తర్వాత పుట్టినవాళ్ళకు ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. నువ్వు 2002లో పుట్టావనుకో. నీ జనన ధ్రువపత్రం ఒక్కటీ సరిపోదు. మీ నాన్నో అమ్మో పౌరులని చూపించాలి. మీ నాన్న 1975లో పుట్టాడనుకుంటే ఆయన ఇక్కడే పుట్టాడని రుజువు కావాలి. ఆయన పుట్టింది ఆసుపత్రిలోనా, ఇంట్లోనా? జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. కానీ మన పల్లెల్లో, జాలరి పేటల్లో, ముఖ్యంగా మన్యంలో ఇంట్లో జరిగిన కాన్పులు చాలాభాగం పుస్తకానికి ఎక్కలేదు. ఏజెన్సీలో నేను చేసిన విచారణల్లో వయసు ఎలా తేల్చేవాళ్ళమో తెలుసా? “పెద్ద గాలివాన వచ్చిన ఏడు నడక నేర్చాడు”, “ఫలానా సర్పంచి గెలిచిన ఏడు పుట్టాడు” అని పెద్దవాళ్ళు చెప్పేవారు. మేం సంవత్సరం వేసేవాళ్ళం. ఆధార్‌లో జనవరి 1న పుట్టినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో చూడు, అదంతా అలా వేసిన లెక్కే.

రోలుగుంట, రావికమతం వైపు కొండల మీద కొన్ని కోందు గిరిజన కుటుంబాలు ఒడిశా వైపు నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డాయి. అలాంటి కొండ గ్రామాల్లో పిల్లలకు జనన ధ్రువపత్రం లేక ఆధార్ రాని సంగతి పత్రికల్లో తరచూ చదువుతూనే ఉన్నాం. ఆ పిల్లలు ఏ దేశం వాళ్ళని అడుగుతావు? సాలూరు పైన కొటియా గ్రామాల సంగతి ఇంకా విచిత్రం. ఆంధ్ర, ఒడిశా రెండూ ఆ ఊళ్ళు మావేనంటున్నాయి. 1968 నుంచి కోర్టు చుట్టూ తిరుగుతున్న వివాదం అది. అక్కడివాళ్ళలో చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, ఓటరు కార్డులు ఉన్నాయి. దాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. రెండు ప్రభుత్వాలూ వచ్చి పిలిచి ఇచ్చిన కార్డులవి.

2003లోనే ఈ కార్డు కోసం నిబంధనలు రాశారు. వాటిలో 4వ నిబంధన చదువు. ఇంటింటి పరిశీలనలో ఎవరి పౌరసత్వమైనా సందేహాస్పదమని తోస్తే స్థానిక రిజిస్ట్రారు జనాభా రిజిస్టరులో వాళ్ళ పేరు ఎదుట ఆ మేరకు వ్యాఖ్య రాయాలి. ఇలాంటి పనులు కింద ఎవరు చేస్తారో నాకు తెలుసు. మండలంలో, గ్రామ సచివాలయంలో ఉన్నవాళ్ళే చేస్తారు. నా సర్వీసులో ఎందరో నిజాయితీపరులతో కలిసి పనిచేశాను. అయినా చెబుతున్నాను, నెలాఖరుకి టార్గెట్ పూర్తి చేయాల్సిన ఉద్యోగి చేతికి “ఈ మనిషి ఈ దేశం వాడా” అన్న ప్రశ్న ఇవ్వకూడదు. పేరులో అక్షరం తేడా వస్తే బియ్యం ఒక నెల ఆగినా మళ్ళీ తెప్పించవచ్చు. పౌరసత్వం ఎదుట సందేహమని రాస్తే అది చెరపడానికి ఆ మనిషి కోర్టుల చుట్టూ తిరగాలి. అస్సాంలో చూశాం. అక్కడి పౌరుల రిజిస్టరు (ఎన్నార్సీ) పనిలో 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో సుమారు 3.3 కోట్ల దరఖాస్తుదారుల్లో 19 లక్షల పైన మంది పేర్లు లేవు. ఒకే ఇంట్లో కొందరి పేర్లు ఉండి కొందరివి లేని కుటుంబాలున్నాయి. ఒక్క రాష్ట్రంలోనే ఇంత జరిగింది. అదీ దశాబ్దాల నాటి కాగితాలు దాచుకోవాలని జనానికి బాగా అలవాటైన రాష్ట్రంలో.

మన విశాఖలో ఈ భయం మరీ దూరపుది కాదు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది కదా, 1960లలో బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చిన తెలుగువాళ్ళ బస అది. అక్కడ తరాలుగా బతికినవాళ్ళను సైనిక ప్రభుత్వం పరాయివాళ్ళంది. 1982 చట్టం తర్వాత ఆ దేశంలో పౌరసత్వాన్ని మూడు తరగతులు చేసి, గులాబీ, నీలం, ఆకుపచ్చ అని రంగు రంగుల కార్డులిచ్చారు. రోహింగ్యాలకు తెల్ల కార్డులే మిగిలాయి, 2015లో అవీ చెల్లవన్నారు. రువాండాలో బెల్జియం వాళ్ళ కాలం నుంచి కార్డు మీద తెగ పేరు రాసేవారు. 1994 మారణహోమంలో రోడ్డు మీద ఆపి కార్డు చూసి చంపారు. మన ఆధార్ చట్టంలో ఒక మంచి మాట ఉంది. కులం, మతం, తెగ, భాష, ఆదాయం, ఆరోగ్య చరిత్ర సేకరించకూడదని 2వ సెక్షన్‌లోనే కట్టడి చేశారు. ఎవరు ఏ కార్డు తెచ్చినా ఆ కట్టడి సడలకుండా చూసుకోవాలి.

ఆధార్ వల్ల ఏ మేలూ లేదన్నవాళ్ళతో నేను ఏకీభవించను. అంతకుముందు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ తాపీ పని చేసుకునే మనిషికి బ్యాంకు ఖాతా తెరవాలంటే పరిచయం చేసేవాడు కావాలి, అద్దె ఇంటి కాగితం కావాలి. ఏదీ ఉండేది కాదు. కూలి డబ్బులు మేస్త్రీ దగ్గర దాచుకునేవాడు. 2014లో జన్‌ధన్ ఖాతాలు మొదలయ్యాక ఆధార్ ఒక్కదాంతో ఖాతా తెరిచారు. రేషన్ కూడా అంతే. సొంత ఊరి డిపోలోనే తీసుకోవాలన్న నియమం పోయి ఎక్కడ ఉంటే అక్కడ తీసుకునే వీలు వచ్చింది. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య రాష్ట్రం దాటి కూడా తీసుకునే ప్రయోగం మొదలైంది. వలస కూలీకి ఇది చిన్న సంగతి కాదు. పేరు మార్చి నాలుగైదు కార్డులు పెట్టుకున్నవాళ్ళ ఆటా చాలావరకు కట్టింది.

అయితే అదే డిపో ముందు ఇంకో దృశ్యం కూడా చూడాలి. ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యలు ఒలిచే పనికి వెళ్ళే ఆడవాళ్ళ చేతులు ఎప్పుడైనా చూశావా? రోజంతా ఐసు నీళ్ళలో, మందు నీళ్ళలో నానిన వేళ్ళు. కొసన చర్మం తెల్లగా పాలిపోయి, గీతలన్నీ అరిగి నున్నగా ఉంటాయి. డిపోలో వేలిముద్ర చూసే ఈపోస్ మిషను మీద ఆవిడ బొటనవేలు పెడుతుంది, సరిపోలలేదని వస్తుంది. డీలరు గుడ్డతో వేలు తుడుస్తాడు. చూపుడు వేలు పెట్టమంటాడు. కొబ్బరినూనె రాసి రుద్దమంటాడు. ఎడమ చెయ్యి పెట్టమంటాడు. వెనక లైను పెరుగుతుంది. ఒక పెద్దావిడ వేళ్ళు పైకెత్తి నాకు చూపిస్తూ, “ఏటి బావూ, నా ఏలు నాది కాదంతంది మిషను” అంది. కోపంగా కూడా అనలేదు. నిజంగా తనదేదో తప్పు జరిగినట్టు అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆవిడకు ఆ రోజు బియ్యం ఎలా వచ్చాయో చెప్పాలి, నా వాదనంతా దాని మీదే ఉంది. వేలిముద్రలు పడనివాళ్ళ కోసం మన రాష్ట్రంలో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) ధ్రువీకరణ అని పెట్టారు. వీఆర్వో వచ్చి, ఈవిడను నేనెరుగుదును, ఫలానా కార్డుదారే అని తన వేలిముద్ర వేస్తే మిషను ఒప్పుకుంటుంది. అంటే మిషను కాదన్నప్పుడు అవునని చెప్పే అధికారం ఒక మనిషికి ఇచ్చారు. ఆ మనిషి సంతకానికి ఆ మనిషే జవాబుదారీ. కంటిపాపను చూసే ఐరిస్, ఓటీపీ, ముఖం చూసి గుర్తించే పద్ధతి తర్వాత వచ్చాయి, ఒక్కొక్కటీ కొంతమందికి పనికొచ్చింది. కానీ కంటిలో శుక్లాలున్న ముసలివాళ్ళకు ఐరిస్ ఇబ్బంది. ఫోను లేనివాళ్ళకు ఓటీపీ ఎక్కడికి వస్తుంది? ఏజెన్సీలో సిగ్నల్ కోసం మిషను పట్టుకుని గట్టు ఎక్కిన డీలర్లున్నారు. ఎన్ని మిషన్లు వచ్చినా చివర ఆ “నేనెరుగుదును” అనే మనిషి ఉండాలి. ఆ ఏర్పాటు లేని చోట ఏమవుతుందో జార్ఖండ్ చూపించింది. 2017లో సిమ్‌డేగా జిల్లాలో ఆధార్‌తో కలపలేదని రేషన్ కార్డు రద్దయిన ఇంట్లో 11 ఏళ్ళ పాప చనిపోయింది. ఆకలి చావని తల్లి, జబ్బని ప్రభుత్వం వాదించారు. ఆ ఇంటికి నెలల తరబడి రేషన్ అందలేదన్నది మాత్రం దేశమంతా చూసింది.

హుద్‌హుద్ తుపాను నాటి సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రేకులు ఎగిరిపోయిన ఇళ్ళలో కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి.  మేం బియ్యం ఎలా పంచాం? డీలరు దగ్గరున్న పాత రిజిస్టరు, వీధిలో నలుగురి మాట, అంతే. తప్పులు జరగలేదా అంటే కొంత జరిగే ఉంటాయి. కానీ కార్డు లేదని ఎవరినీ వెనక్కి పంపలేదు. తుపాను దారిలో ఉన్న ఊరు ఇది. కరెంటు, నెట్‌వర్క్ ఉంటేనే మనిషి మనిషిగా చెల్లే ఏర్పాటు ఇక్కడ పనికిరాదు.

ఇంకో కార్డు గురించి కూడా చెప్పనీ. గాజువాక వైపు ఎవరినైనా ఆర్-కార్డు అంటే ఏమిటని అడుగు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన నిర్వాసితులకు పునరావాసం కింద ఇచ్చిన కార్డు. ఆ కార్డు చూపిస్తే ఉద్యోగమన్నారు. వేలమందికి వచ్చింది, వేలమందికి రాలేదు. తాత పేరున ఉన్న కార్డును మనవలు ఇంకా దాచుకున్నారు. ప్రభుత్వం తమకు బాకీ ఉందని చెప్పే కాగితం అది. నువ్వు మాకు రుజువు చూపించు అనే కార్డుకీ, మేం నీకు ఇది ఇవ్వాలి అని రాసిచ్చిన కార్డుకీ జనం మనసులో ఎంత తేడా ఉంటుందో ఆ ఇళ్ళకు వెళ్ళాక నాకు అర్థమైంది.

“తప్పు చేయనివాడికి భయమెందుకు” అన్నావు. ఇంట్లో ఒప్పుకోని పెళ్ళి చేసుకుని ఊరు మారిన అమ్మాయి ఏ తప్పు చేసింది? ఆమె కొత్త చిరునామా ఏ సిమ్ దుకాణంలోనో తెలిసినవాడి కంటబడితే చాలు. ఏఆర్టీ కేంద్రంలో హెచ్ఐవీ మందులు తీసుకునే మనిషి ఏ తప్పు చేశాడు? తన పేరు, నంబరు ఎక్కడో నమోదవుతాయన్న బెంగతో మందు మానేస్తే నష్టం ఎవరికి? 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు జడ్జిగా రిటైరైన పెద్దమనిషి. ఆయన దాచుకోవలసిన తప్పేదో ఉండి కోర్టుకెక్కలేదు. తర్వాత 2018 సెప్టెంబరు 26న ఆధార్ మీద తీర్పు వచ్చింది. సంక్షేమ పథకాలకూ, పాన్‌కూ ఆధార్ అడగవచ్చన్నారు. బ్యాంకు ఖాతాకూ, సిమ్‌కూ తప్పనిసరి చేయకూడదన్నారు. ప్రైవేటు సంస్థలు అడిగే వీలిచ్చిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టేశారు. ఎక్కడ ఎప్పుడు వేలు పెట్టామో ఆ రికార్డు ఆరు నెలలకు మించి ఉంచకూడదన్నారు. జస్టిస్ చంద్రచూడ్ అయితే మొత్తం చట్టమే రాజ్యాంగానికి విరుద్ధమన్నారు, రాజ్యసభ అడ్డుకోలేని మనీ బిల్లుగా తేవడమే తప్పన్నారు. ఈ తీర్పు మొత్తం చదువు. స్వచ్ఛందం అని మొదలైన సంఖ్య ఎన్ని గుమ్మాల దగ్గర తప్పనిసరిగా మారిందో, కోర్టు ఎన్ని చోట్ల వెనక్కి లాగవలసి వచ్చిందో తెలుస్తుంది. రేపు వచ్చే కార్డుదీ ఇదే దారి.

బ్రిటన్ అనుభవం ఇందుకే చూడమంటాను. 1939లో యుద్ధం కోసమని కార్డులు తెచ్చారు. యుద్ధం అయిపోయాక కూడా పోలీసులు అలవాటుగా అడుగుతూనే ఉన్నారు. 1950లో విల్కాక్ అనే ఆయన్ను కారు ఆపి అడిగితే చూపించనన్నాడు. కేసు ఓడిపోయాడు, కానీ శిక్ష పడలేదు. వేరే అవసరానికి తెచ్చిన చట్టాన్ని ఇలా వాడితే మంచివాళ్ళు పోలీసులకు దూరమవుతారని ప్రధాన న్యాయమూర్తే మందలించారు. 1952లో కార్డులు తీసేశారు. 2006లో మళ్ళీ చట్టం చేశారు, 2010లో ప్రభుత్వం మారగానే రద్దు చేసి రిజిస్టరునే ధ్వంసం చేశారు. 2025 సెప్టెంబరులో ఉద్యోగాల కోసమని డిజిటల్ రూపంలో మళ్ళీ ప్రకటించారు. ఒక దేశం రెండుసార్లు తెచ్చి రెండుసార్లు తీసేసిందంటే, వాళ్ళు ఏ కారణాలు చెప్పి తీసేశారో మనం చదవాలి.

దొంగతనాల సంగతి కొద్దిగా. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి రబ్బరు ముద్రలు చేసి సిమ్‌లు చెల్లుబాటు చేయించాడు. అన్నిటికీ ఒకే తాళం పెడితే ఆ తాళం మీదే అందరి కన్నూ పడుతుంది. వేర్వేరు అవసరాలకు వేర్వేరు కార్డులుండటం నీకు చిరాకు కావచ్చు. నాకైతే అదొక రక్షణ.

మరి ఏం చేయాలంటే, ముందు పుట్టిన ప్రతి బిడ్డనూ పుస్తకానికి ఎక్కించాలి. 2023 సవరణ ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడికైనా, ఓటుకైనా, పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారం. ఇది సరైన దారి. అలా ఒక తరం పూర్తిగా నమోదైతే పౌరసత్వ కార్డు అవసరమే పెద్దగా ఉండదు. అంతకుముందు పుట్టినవాళ్ళ విషయంలో, కాదని ప్రభుత్వం నిరూపించేదాకా పౌరులనే అనుకోవాలి. రోడ్డు మీద కార్డు వెంట ఉంచుకోవాలని, లేకపోతే జరిమానా అని ఎప్పుడూ పెట్టకూడదు. కార్డు చెల్లలేదని బియ్యం, పింఛను, వైద్యం ఆపిన ప్రతిసారీ ఎందుకు ఆపారో రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని మీద అప్పీలు మండలంలోనే తేలాలి. 2025 జూన్‌లో రేషన్ మళ్ళీ డిపోలకు మార్చినప్పుడు 65 ఏళ్ళు దాటినవాళ్ళకూ, వికలాంగులకూ ఇంటికే ఇవ్వాలన్నారు. మనిషి దగ్గరకు ప్రభుత్వం వెళ్ళడం అంటే అదే. నాకు నచ్చిన పద్ధతి.

ఇక మీ నాయనమ్మ సంగతి. మన ఉత్తరాంధ్రలో సింహాద్రప్పన్న పేరు లేని ఇల్లుండదు. అప్పలనరసమ్మ ఒక చోట ఎ. నర్సమ్మ అవుతుంది, ఇంకో చోట అప్పల నరసమ్మ అని రెండు ముక్కలవుతుంది, పుట్టింటి పేరుతో ఒకటి, అత్తింటి పేరుతో ఒకటి ఉంటుంది. కంగారు పడకండి, కానీ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. ముందు ఇంట్లో కూర్చుని ఒక్క రూపం ఖాయం చేసుకోండి. పొలం పట్టాలో ఉన్న పేరైతే మంచిది, అది మార్చడం అన్నిటికన్నా కష్టం కాబట్టి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని మీసేవకో ఆధార్ కేంద్రానికో వెళ్ళే ముందే అక్షరం అక్షరం కాగితం మీద రాసుకుని వెళ్ళండి, తెరమీద వాళ్ళు కొట్టింది చదివాకే సరేననండి. ఆధార్ సరయ్యాక బియ్యం కార్డు సచివాలయంలో మార్పించండి. పాత ఓటర్ల జాబితాలో ఆవిడ పేరున్న పేజీ, పాత రేషన్ కార్డు, పట్టా నకలు, మీ నాన్న స్కూలు టీసీ, ఇవన్నీ ఒక్క సంచిలో పెట్టండి. పాతవి చెల్లవని పారేయొద్దు. మీ ఇంట్లో ఎవరికైనా జనన నమోదు లేకపోతే ఏడాది దాటినవాటికి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. దరఖాస్తు సచివాలయంలోనే ఇవ్వొచ్చు. విచారణకు వచ్చినప్పుడు చెప్పడానికి వీధిలో పెద్దవాళ్ళు ఇద్దరిని ముందే అడిగి ఉంచుకోండి.

హోటల్లో, అద్దె ఇంట్లో, జిరాక్స్ షాపులో పూర్తి నంబరున్న నకలు ఇవ్వకు. మొదటి ఎనిమిది అంకెలు కప్పిన మాస్క్‌డ్ ఆధార్ చాలు, కాదంటే 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వు. నాయనమ్మ బయోమెట్రిక్స్ లాక్ చేసి పెట్టి, రేషన్ రోజున, పింఛను రోజున నువ్వే తెరిచి మళ్ళీ వేసెయ్. ఆవిడ వేళ్ళు కూడా పడకపోతే ఒట్టి చేతులతో వెనక్కి రావద్దు. తహసీల్దారు పేరున ఒక అర్జీ రాసి, తీసుకున్నట్టు రసీదు పుచ్చుకో. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే వివరాలు పెట్టు, రాసిస్తాను.